స్థాపకుడి ఫొటో లేని ఇల్లు కావాలి

"వాడు పోయిన మర్నాడు నేను పోవాలి." మేధోవైకల్యం ఉన్న పిల్లల్ని పెంచిన తల్లుల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. మా అమ్మా అంటుంది, కన్నీళ్లేమీ పెట్టుకోకుండా, కరెంటు బిల్లు గడువు గుర్తు చేసినట్టు. మా అన్నయ్యకు 46 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్. అమ్మకు 76. నాన్న లేరు. నేనూ గుంటూరులోనే ఉంటాను కాబట్టి "నువ్వున్నావుగా" అంటారు బంధువులు. ఉన్నాను. కానీ నాకూ వయసు వస్తోంది. నా తర్వాత అన్నయ్య బాధ్యతను నా కూతురి నెత్తిన పెట్టే హక్కు నాకు లేదు.

మా అమ్మమ్మ తరానికి ఈ టెన్షన్ ఇంతగా లేదు. కారణం సంతోషించదగ్గది కాదు: అలాంటి పిల్లలు అప్పట్లో ఎక్కువకాలం బతికేవాళ్లు కాదు. 1980ల మొదట్లో అమెరికాలో కూడా డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల సగటు ఆయుష్షు 25 ఏళ్లే. ఇప్పుడది 60 దాకా వచ్చింది. పసితనంలోనే గుండె ఆపరేషన్లు చేయడం, పిల్లల్ని పెద్ద పెద్ద ఆశ్రయాల్లో వదిలేయకుండా ఇళ్లలో పెంచడం ఈ మార్పు తెచ్చాయి. దాంతోపాటు కొత్త చిక్కూ వచ్చింది. వీళ్లలో చాలామందికి అల్జీమర్స్ నలభైల్లో, యాభైల్లోనే మొదలవుతుంది. అంటే తల్లి మోకాళ్లు పట్టుకుపోయి మంచం దిగలేని రోజుల్లోనే కొడుక్కి మళ్లీ స్నానం చేయించాల్సి వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మేధోవైకల్యం ఉన్నవాళ్లు 15 లక్షల మంది అని తేలింది. ఆ 15 లక్షల మందిలో చాలామంది ఇళ్లలో రాత్రిపూట జరిగే సంభాషణ ఒక్కటే అయి ఉంటుంది.

గుంటూరులో మా చర్చి సంఘంలోనూ బయటా ఉన్న కొన్ని కుటుంబాలం కలిసి ఒక ఇల్లు పెడదామని మాట్లాడుకుంటున్నాం. ఎనిమిది పది మంది పెద్దవాళ్లు, వాళ్లతోపాటు అక్కడే ఉండే సహాయకులు. హాస్టల్ కాదు, ఇల్లు. స్థలం ఇస్తానని ఒక పాస్టర్ గారు ముందుకొచ్చారు. ఆయన మంచివారే. అన్నయ్యను ప్రతి ఆదివారం పేరు పెట్టి పలకరిస్తారు. ఆయన స్థలం ఇవ్వడం నాకు సంతోషమే. ఇల్లు విశ్వాసం మీద నిలబడాలన్నదీ నాకు ఇష్టమే. ఆ ఇల్లు ఆయన పేరు మీద, ఆయన మాట మీద నిలబడకూడదన్నదే నా వాదన. మీటింగుల్లో ఇది చెబితే కొందరికి కోపం వచ్చింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అసలు విశ్వాసం ఎందుకు, ప్రభుత్వమే చూసుకోవాలి కదా అనే స్నేహితులున్నారు నాకు. నిజమే, చూసుకోవాలి. కానీ అన్నయ్యతో ఒక్క ఆదివారం గడిపితే వాళ్లు ఆ మాట కాస్త తగ్గించి అంటారు. బస్సులో జనం వాణ్ణి తేరిపార చూస్తారు. పెళ్లిళ్లలో ఫొటోకి పిలవడం మర్చిపోతారు. గుడిలో, అంటే మా చర్చిలో, కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగేది వాడే. పాట రాకపోయినా అందరికంటే గట్టిగా పాడతాడు. ప్రార్థన మధ్యలో "ఆమెన్" ముందే అనేస్తాడు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. వాడి పుట్టినరోజు సంఘం మొత్తానికి గుర్తుంటుంది. ఇది జీతానికి వచ్చే సేవ కాదు. ఎనిమిది గంటల డ్యూటీ అయిపోగానే బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయే మనుషులతో ఇది రాదు. వాడు చనిపోతే ఏడ్చేవాళ్లు ఉండాలి, సమాధి దగ్గర నిలబడేవాళ్లు ఉండాలి. అంత కాలం నిలబడే మనుషుల్ని ఒకచోట చేర్చగలిగినవి మన సమాజంలో కుటుంబం, మతం మాత్రమే. కుటుంబం అయిపోతున్నప్పుడు మిగిలేది రెండోదే.

మీటింగులో ఒకాయన లార్ష్ అనే సంస్థ గురించి చెప్పాడు. విశ్వాసం పునాదిగా మేధోవైకల్యం ఉన్న పెద్దవాళ్లకు ఇల్లు అంటే ప్రపంచంలో మొదట గుర్తొచ్చే పేరు అదే కాబట్టి చెప్పాల్సిందే. కాకపోతే ఆయన కథ సగంలో ఆపేశాడు.

ఆ మొదటి సగం చాలా అందమైనది. లార్ష్ స్థాపకుడు జాన్ వానియే కెనడా గవర్నర్ జనరల్ కొడుకు. చిన్న వయసులోనే నావికాదళంలో చేరి, 1950లో వదిలేశాడు. అరిస్టాటిల్ మీద డాక్టరేటు చేశాడు, టొరంటోలో పాఠాలు చెప్పాడు. 1964 ఆగస్టులో పారిస్‌కు ఉత్తరాన, కాంపియేన్ అడవి అంచున ఉన్న ట్రోస్లీ అనే పల్లెటూళ్లో ఒక పాత ఇల్లు కొన్నాడు. ఒక ఆశ్రయంలో ఉన్న రఫాయెల్ సిమీ, ఫిలిప్ సూ అనే ఇద్దరు మగవాళ్లను తనతో ఉండటానికి తీసుకొచ్చాడు. ఇద్దరికీ చిన్నప్పుడు మెదడుకు జబ్బు చేసింది. తల్లిదండ్రులు పోయాక ఇద్దర్నీ ఆశ్రయంలో పడేశారు. మా అమ్మ భయపడే సంగతి అక్కడ అప్పటికే జరిగిపోయిందన్నమాట. కలిసి వండుకోవడం, కలిసి తినడం, కలిసి ప్రార్థన చేసుకోవడం. ఆ ఇంటికి నోవహు ఓడ పేరు పెట్టారు, ఫ్రెంచిలో లార్ష్ అంటే అదే. 1969లో కెనడాలో, 1970లో బెంగళూరులో ఇళ్లు వచ్చాయి. ఇప్పుడు దాదాపు 40 దేశాల్లో 150కి పైగా సమాజాలున్నాయి. 2015లో వానియేకు టెంపుల్టన్ బహుమతి ఇచ్చారు. 2019 మేలో చనిపోయినప్పుడు ఆయన్ని సెయింటు చేయాలన్నవాళ్లకు కొదవలేదు.

ఒక చిన్న సంగతి. మొదటిరోజు ఆ ఇంటికి వచ్చింది ఇద్దరు కాదు, ముగ్గురు. మూడో అతనితో ఆ రాత్రి గడవడమే కష్టమైంది. అతన్ని తిరిగి పంపేశారు. నేను విన్న ప్రసంగాల్లో ఈ మూడో మనిషి ఎప్పుడూ లేడు. మా మీటింగుల్లోనూ లేడు. ఒక తల్లి తన కొడుక్కి కోపం వస్తే చేతికందింది విసిరేస్తాడని చెప్పినప్పుడు గదిలో అందరం కాసేపు టీ తాగాం. ఆ కుర్రాణ్ణి చేర్చుకుంటామా లేదా అన్నది ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. "ప్రేమతో అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఇక రెండో సగం. వానియే చనిపోయి ఏడాది తిరక్కముందే, 2020 ఫిబ్రవరి 22న, లార్ష్ సంస్థే ఒక విచారణ నివేదిక బయటపెట్టింది. ఆధ్యాత్మిక సలహా కోసం తన దగ్గరికి వచ్చిన ఆరుగురు స్త్రీలను ఆయన దైవప్రేమ పేరు చెప్పి లైంగికంగా వాడుకున్నాడని అందులో తేలింది. 2023 జనవరిలో స్వతంత్ర అధ్యయన బృందం 900 పేజీల దాకా ఉన్న ఇంకో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 1952 నుంచి 2019 మధ్య కనీసం 25 మంది స్త్రీలు. అందరూ పెద్దవాళ్లు, మేధోవైకల్యం లేనివాళ్లు.

ఇంతకంటే నన్ను కుదిపేసింది అదే నివేదికలో ఉన్న మరో విషయం. వానియేకు గురువు తోమా ఫిలిప్ అనే ఫాదర్, కథోలికుల్లో డొమినికన్ సభవాడు. ఈయన పారిస్ దగ్గర లో వీవ్ అనే ఆధ్యాత్మిక కేంద్రం నడిపేవాడు. అక్కడ స్త్రీల విషయంలో ఇదే తంతు జరిగింది, వాటికన్ విచారించి 1956లో ఆయన్ని శిక్షించింది. ఎందుకు శిక్షించారో జనానికి చెప్పలేదు. దాంతో 1960ల మొదట్లో ఆయన ట్రోస్లీలో మేధోవైకల్యం ఉన్న మగవాళ్ల హోముకి చాప్లిన్‌గా, అంటే అక్కడి ప్రార్థనలు చూసుకునే ఫాదర్‌గా, చేరగలిగాడు. వానియే ఆ ఊరికి ఎందుకు వెళ్లాడంటే, గురువు అక్కడున్నాడు కాబట్టి. చెదిరిపోయిన ఆ పాత బృందాన్ని గురువు చుట్టూ మళ్లీ చేర్చడమే లార్ష్ పుట్టుకకు అసలు ప్రేరణ అని అధ్యయన బృందం తేల్చింది. రఫాయెల్, ఫిలిప్ సూ ఆ కథలోకి ఆ తర్వాత వచ్చారు. గురువు సంగతి తనకు తెలియదని వానియే చివరిదాకా చెప్పుకున్నాడు. 1950ల నుంచే అంతా తెలుసని వాళ్ల మధ్య నడిచిన ఉత్తరాలు బయటపెట్టాయి.

ఇది చెప్పినప్పుడు మావాళ్లలో ఇద్దరు ముగ్గురు "చేసిన మంచి పోతుందా అమ్మా?" అన్నారు. పోదు. పోలేదు కూడా. నివేదిక వచ్చిన మర్నాడు కూడా ఆ ఇళ్లలో ఎవరో పొద్దున్నే లేచి కాఫీ పెట్టారు, ఎవరో ఒకరికి షూ లేసులు కట్టారు. ఆ గురుశిష్యుల రహస్య వ్యవహారం మొత్తం లార్ష్‌కు పాకలేదని అధ్యయన బృందమే రాసింది. నేను దాన్నించి తీసుకునేది ఇదీ: ఆ ఇళ్లను నడిపింది వానియే పవిత్రత కాదు, ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు. ఆయన పేరు పోయినా ఇళ్లు నిలిచాయి కదా, అలాంటప్పుడు అన్నేళ్లు ఆయన్ని గోడ మీద పెట్టుకోవడం వల్ల ఒరిగిందేమిటి? జరిగింది ఒక్కటే. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేకపోయారు.

మన తెలుగు క్రైస్తవులకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. దైవజనుడి మీద ఎవరైనా నోరెత్తితే అభిషిక్తుని ముట్టకూడదన్న బైబిలు వాక్యం వెంటనే ఎత్తుతాం. సంఘం ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతా ఆయన భార్య పేరు మీద, వారసుడు ఆయన కొడుకు. ఆశ్రమాలూ బాబాలూ ఉన్నచోట పదాలు వేరు, పద్ధతి అదే. మామూలు సంఘంలో ఇది నష్టమే అయినా, నచ్చనివాళ్లు లేచి పక్క వీధి చర్చికి వెళ్లొచ్చు. మా అన్నయ్య వెళ్లలేడు.

ఈ ఒక్క సంగతి మీదే నా వాదనంతా ఆధారపడింది. వానియే బాధితులు మాట్లాడగలిగినవాళ్లు, చదువుకున్నవాళ్లు. వాళ్లకే దశాబ్దాలు పట్టింది. అన్నయ్యను "ఎలా ఉన్నావురా" అంటే "బాగున్నా" అంటాడు, జ్వరం 102 ఉన్నా అదే మాట. ఒంటి మీద దెబ్బ కనిపించి అడిగితే "పడిపోయా" అంటాడు. నిజంగా పడ్డాడో ఎవరైనా నెట్టారో వాడి నోటి నుంచి రాదు. ఇలాంటి మనుషులు ఉండే ఇంట్లో "మేం ఒకర్నొకరం నమ్ముతాం" అనేది భద్రత కాదు. ఫిర్యాదు చేయలేనివాళ్ల కోసం బయటివాళ్ల కళ్లు కావాలి, ముందు చెప్పకుండా వచ్చే కళ్లు కావాలి.

భక్తి చుట్టూ లెక్కాపత్రం లేకపోతే ఏమవుతుందో మన పక్క రాష్ట్రంలోనే చూశాం. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గాకు మానసిక రోగుల్ని తీసుకొచ్చే కుటుంబాలు వాళ్లను అక్కడి ప్రైవేటు హోముల్లో వదిలి వెళ్లేవి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక హోములో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్నారు కాబట్టి పారిపోలేక 28 మంది చనిపోయారు. మానసిక జబ్బు వేరు, మేధోవైకల్యం వేరు, రెంటికీ చట్టాలూ వేరు. దర్గాను తప్పుపట్టడం కూడా నా ఉద్దేశం కాదు. "దేవుడి సన్నిధి కదా, మంచే జరుగుతుంది" అని వదిలేసి వచ్చే కుటుంబాల సంగతి చెబుతున్నాను. మేమూ కుటుంబాలమే, మేమూ అలసిపోయాం.

స్థాపకుడు లేకుండా ఇలాంటిది సాగుతుందా అంటే, సాగింది. బెల్జియంలో గీల్ అనే ఊరుంది. సెయింట్ డింఫ్నా మొక్కులకు మతి చెడినవాళ్లను మధ్యయుగాల్లో అక్కడికి తెచ్చేవాళ్లు. చర్చి దగ్గర చోటు చాలక ఊళ్లోవాళ్లు తమ ఇళ్లలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు పొలం పనుల్లో, ఇంటి పనుల్లో కలిసిపోయి ఏళ్ల తరబడి ఉండిపోయారు. 1850లో ప్రభుత్వం వైద్య పర్యవేక్షణ తన చేతిలోకి తీసుకుంది, ఇళ్లు మాత్రం ఊరివాళ్లవే. 1930ల చివర్లో 3,700 మందికి పైగా ఆ ఊరి ఇళ్లలో ఉన్నారు, వాళ్లలో మేధోవైకల్యం ఉన్నవాళ్లూ ఉన్నారు. తరం నుంచి తరానికి అలవాటుగా వచ్చింది. పునాది భక్తే. కానీ ఏ ఒక్కరూ "ఇది నేను కట్టాను" అనడానికి లేదు, వైద్య తనిఖీ బయటివాళ్లది. మా పాస్టర్ గారికి ఈ కథ నచ్చింది. అయితే ఆయన తీసుకున్న నీతి మాత్రం "చూశారా, చర్చితోనే మొదలైంది" అని.

సహాయకుల విషయం మీద మాలో మాకే గొడవ జరిగింది. అక్కడే ఉండి, కలిసి తిని, కలిసి బతికే మనుషులు కావాలంటాం. మరి వాళ్లకు జీతమా? "పరిచర్యకు జీతమేంటి?" అన్నారు ఒకావిడ. ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల్లో బాటన్ అనే గ్రామం ఉంది. వియన్నా నుంచి శరణార్థిగా స్కాట్లండ్ చేరిన డాక్టర్ కార్ల్ కోనిగ్ మొదలుపెట్టిన క్యాంప్‌హిల్ ఉద్యమం 1955లో పెద్దవాళ్ల కోసం పెట్టిన ఊరు అది. అక్కడ సహాయకులు జీతం లేకుండా, తమ పిల్లలతో సహా, వైకల్యం ఉన్నవాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. 2010ల్లో ట్రస్టు వాళ్లను ఉద్యోగులుగా మార్చాలనుకుంది, సహాయకులు, కొందరు తల్లిదండ్రులు ఎదురుతిరిగారు, వ్యవహారం కోర్టు దాకా పోయింది. చదివితే రెండు పక్షాలూ సబబే అనిపిస్తుంది నాకు. ఉద్యోగం అనగానే షిఫ్టులు వస్తాయి, షిఫ్టులు వస్తే ఇల్లు కాస్తా హోము అవుతుంది.

అయినా గుంటూరు జిల్లాలో నేను జీతం వైపే ఉంటాను. ఎందుకంటే మా దగ్గర "పరిచర్య"కు వచ్చేది లార్ష్‌లోలా డిగ్రీ చదివి ఏడాది గడపడానికి వచ్చే ఫ్రెంచి కుర్రాళ్లు కారు. పేద ఇంటి ఆడపిల్లలు. భర్త వదిలేసిన ఆడవాళ్లు. వాళ్లకు దేవుడి పేరు చెప్పి మూడు వేలు చేతిలో పెట్టడం, సెలవడిగితే విశ్వాసం తక్కువైందనడం నేను చూశాను. జీతం, వారానికో సెలవు, పీఎఫ్ ఇచ్చాక కూడా ఉండేవాళ్లు ఉంటే అదే పరిచర్య. అలసిపోయిన మనిషి చేయి ముందుగా లేచేది మాట్లాడలేనివాడి మీదే అని మర్చిపోకూడదు.

చట్టం సంగతి మావాళ్లకు బోరు, కానీ కొంత చెప్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాకో స్థానిక కమిటీ ఉంటుంది, కలెక్టరు నడిపిస్తారు, సంరక్షకుణ్ణి నియమించేది వాళ్లే. పెద్దవాళ్ల గ్రూపు హోములకు ఘరౌందా (ఇప్పుడు సమర్థ్-ఘరౌందా) అనే పథకం ఉంది, లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమాకు నిరామయ ఉంది. సదరం సర్టిఫికెట్ ఉంటే ఆంధ్రాలో నెలకు 6,000 పింఛను వస్తుంది. ఆ పింఛను ఎవరి ఖాతాలోకి వెళ్తుంది, ఎవరు తీస్తారు అన్న ప్రశ్నకు మా మొదటి ముసాయిదాలో "హోము ఖాతా" అని రాసుంది. నేను కొట్టేశాను. అది అన్నయ్య డబ్బు. వాడికి నెలకోసారి మసాలా దోశ కావాలి, కొత్త వాచీ కావాలి. వాడి పేరు మీదే ఉండాలి, లెక్క కుటుంబానికి చూపాలి.

ఇంకోటి వెంకటేశ్వరస్వామి పటం గురించి. మాతో ఉన్న కుటుంబాల్లో ఒకరిది నరసరావుపేట, హిందువులు. వాళ్లబ్బాయికి పొద్దున లేవగానే స్వామి పటానికి దండం పెట్టుకోకపోతే రోజు మొదలవదు. "ఇంట్లో ఉంటే మన ప్రార్థనకే రావాలి కదా" అన్నారు. నేను బెంగళూరు సంగతి ఎత్తాను. లార్ష్ 1970లో అక్కడ పెట్టిన ఆశానికేతన్‌లో మొదటినుంచీ హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసే ఉన్నారు. ఫ్రాన్స్‌లో కథోలిక ఇల్లుగా మొదలైంది ఇక్కడికొచ్చి అన్ని మతాల ఇల్లు అయింది. మా అన్నయ్యకు "ఆమెన్" ఎంత ముఖ్యమో ఆ అబ్బాయికి ఆ పటం అంత. అది తీసేయించి మనం చేసే ప్రార్థన ఏ దేవుడు వింటాడో నాకు తెలియదు. ఈ విషయంలో పాస్టర్ గారు నేననుకున్న దానికంటే మెత్తగా ఉన్నారు. పటం అబ్బాయి గదిలో ఉండొచ్చన్నారు. హాల్లో కుదరదట. నేను హాల్లో సిలువ ఉన్నప్పుడు ఎందుకు కుదరదన్నాను. అక్కడ ఆగాం.

ట్రస్టు డీడ్ ముసాయిదా ఇప్పుడు లాయరు దగ్గరుంది. స్థలం ట్రస్టు పేరు మీదకు పూర్తిగా రాసివ్వాలని, ఇచ్చినవారికి మిగతా సభ్యుల్లాగే ఒక్క ఓటు ఉంటుందని, వాళ్ల కుటుంబంలో రెండో మనిషి బోర్డులో ఉండకూడదని పెట్టించాను. ఎవరైనా ఆరేళ్లకు మించి అధ్యక్షులుగా ఉండకూడదు. ఇంటితో సంబంధం లేని ఒక డాక్టరు, ఒక సోషల్ వర్కరు ఎప్పుడైనా వచ్చి ఏ గదైనా చూడొచ్చు, అక్కడ ఉండేవాళ్లతో విడిగా కూర్చోవచ్చు. ఆధ్యాత్మిక సలహా అయినా సరే, తలుపు వేసుకుని ఒంటరిగా కుదరదు. ఈ చివరి వాక్యం చదివి ఒక పెద్దాయన, "మమ్మల్ని అనుమానిస్తున్నావా?" అన్నారు. నేను ఇల్లు విడిచి వెళ్లలేని అన్నయ్య తరఫున రాస్తున్నానని చెప్పాను. అమ్మకు మాత్రం డీడ్ మీద ఆసక్తి లేదు. వంటగది కింది అంతస్తులోనే ఉంటుందా, వాడికి మెట్లు దిగడం రాదు అని అడిగింది. ప్లానులో వంటగది కిందే ఉంది. ఒక్క ఓటు సంగతి మీద పాస్టర్ గారు ప్రార్థించి చెబుతానన్నారు. ఇంకా చెప్పలేదు.